అంగడికి బీమా, పొలానికి కంచె



ఈనాడు నేను విత్తనాన్ని గురించి గానీ, ఎరువును గురించి గానీ చెప్పబోవడం లేదు. మీలో చాలామంది ఇప్పుడు సేద్యంతో పాటు మరొక పని కూడా చేస్తున్నారు. నంద్యాలలో ఎరువుల అంగడి పెట్టినవారున్నారు. ఆళ్లగడ్డలో రాతిపని కొట్టం వేసినవారున్నారు. శ్రీశైలంలో గది బాడుగకు తీసుకొని బొమ్మలు, పూజాసామగ్రి అమ్ముకునేవారున్నారు. ఊళ్లోనే నాలుగు గేదెలు పెట్టుకొని పాలు పోసేవారు, ట్రాక్టరు బాడుగకు తిప్పేవారు ఎంతోమంది వున్నారు. వీరందరికీ పనికివచ్చే విషయం ఒకటి ముచ్చటిస్తాను. చిన్న వ్యాపారానికి ఎట్లాంటి బీమా తీసుకోవాలి, ఎంతకు తీసుకోవాలి, తీసుకున్న తరువాత ఏమి చూసుకోవాలి అన్నది ఆ విషయం.

ముందే ఒక మాట. నేను వ్యవసాయ డిప్లొమా చదువుకొని ఈ శాఖలో పనిచేస్తున్నవాణ్ణి. బీమా కంపెనీ మనిషిని కాను. మీరు పాలసీ తీసుకున్నా తీసుకోకపోయినా నాకు ఒక్క పైసా కమీషను రాదు. మరి నీకీ గొడవ ఎందుకయ్యా అంటారా? చెబుతాను.

ఆళ్లగడ్డ తట్టున, ఏటికి దగ్గర ఊళ్లో, నాకు బాగా తెలిసిన రైతు ఒకాయన వున్నాడు. అయిదెకరాల మాగాణి. కొడుకు చదువుకొని ఇంటిపట్టునే వున్నాడని, ఆ భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టి విత్తనాలు, ఎరువుల అంగడి పెట్టించాడు. నాలుగేళ్లు బాగానే నడిచింది. ఒక వానాకాలం రాత్రి ఏరు పొంగి అంగడిలోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. తెల్లవారి తలుపు తీస్తే, అడుగు వరసల్లోని యూరియా కరిగిపోయి ఖాళీ సంచులు మిగిలాయి. విత్తనం సంచుల్లో గింజ ఉబ్బిపోయింది. లెక్క వేస్తే 5 లక్షల రూపాయల సరుకు పోయింది.

"భయం లేదు సారూ, బీమా వుంది" అన్నాడాయన. నిజమే, వుంది. అప్పు ఇచ్చినప్పుడే బ్యాంకువారు కట్టించారు. కొన్ని నెలల తరువాత లెక్క తేల్చి కంపెనీ ఇచ్చింది 2 లక్షల లోపే. ఆ డబ్బు కూడా ఆయన చేతికి రాలేదు, నేరుగా అప్పు ఖాతాలో జమ అయింది. మరుసటి ఏడు ఎకరంన్నర మాగాణి అమ్మి మిగతా అప్పు సర్దుకున్నాడు. "బీమా కట్టింటే గూడా పొలం అమ్ముకోవాల్సొచ్చె గదా సారూ" అన్నాడు నాతో.

ఆ మాటకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. తరువాత ఆ పాలసీ కాగితాలు తెప్పించుకొని అక్షరం అక్షరం చదివాను. తెలిసినవారిని అడిగాను. కంపెనీ మోసం చేయలేదు. బ్యాంకు మోసం చేయలేదు. తప్పంతా లెక్కలో వుంది. ఆ లెక్కను మీ ముందు పెట్టడానికే ఈనాటి ప్రసంగం.

మొదట మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇది. పొలం కుదువపెట్టి అంగడి పెట్టినవాడికి అంగడి వేరు, పొలం వేరు కాదు. అంగడి కాలితే ఆ సెగ పొలానికి తగులుతుంది. కాబట్టి అంగడికి బీమా తీసుకునేటప్పుడు, నా పొలానికి కంచె వేసుకుంటున్నాను అని అనుకోండి. చేనుకు మూడు పక్కలా కంచె వేసి నాలుగో పక్క వదిలేస్తే పశువులు ఆ పక్కనుంచే వస్తాయి. బీమా కూడా అంతే.

ఏ పక్కన కంచె కావాలో ఎట్లా తెలుస్తుంది? ఒక రాత్రి తీరికగా ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఒక కాగితం తీసుకొని, మీ వ్యాపారానికి రాగల నష్టాలన్నీ రాయండి. నిప్పు, నీళ్లు, దొంగ, యంత్రం చెడిపోవడం, పనివాడికి దెబ్బ తగలడం, బండి కింద ఎవరైనా పడడం, సరుకు దారిలో పగలడం, నడిపే మనిషికే ఏదైనా జరగడం. ఇప్పుడు వాటిని మూడు రకాలుగా విడదీయండి. నెల రాబడిలో సర్దుకోగలిగినవి ఒకటి. ఏడాది కష్టపడితే పూడ్చుకోగలిగినవి రెండు. పొలం అమ్మితే గానీ తీరనివి మూడు. మీ డబ్బు ముందు ఈ మూడో రకానికి పోవాలి. అద్దం పగలడం, తాళం విరగడం వంటి మొదటి రకానికి బీమా వెతుక్కోవలసిన పని లేదు. వాటికి ఒక డబ్బా పెట్టి నెలనెలా కొంత వేసుకోండి, చాలు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. చిన్నవాటికి కట్టి, పెద్దదాన్ని దేవుడి మీద వేస్తారు.

"మా ఊళ్లో అంత పెద్ద ప్రమాదాలు ఎక్కడ వస్తాయి?" అని మీరు అనవచ్చు. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో శ్రీశైలం జలాశయంలోకి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి పడింది. అక్కడ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీళ్లు 896 అడుగులకు ఎక్కాయి. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణంలో అంగళ్లు నీట మునిగాయి. అంతకు ముందు వారంలో ఆ అంగళ్లవారిని అడిగితే, ఇంత నీళ్లు మా వీధికి వస్తాయని ఎవరూ ఒప్పుకొని వుండరు. 2019 సెప్టెంబరులో కుండపోత వానలకు నంద్యాల ప్రాంతంలో కుందూ పొంగింది. మహానంది ఆలయంలోకి కూడా నీళ్లు వచ్చాయి. ఇక నిప్పు సంగతి. 2023 ఆగస్టు చివరిలో శ్రీశైలంలోని లలితాంబికా దుకాణ సముదాయంలో రాత్రివేళ మంటలు లేచి పదికి పైగా అంగళ్లు కాలిపోయాయి. కరెంటు తీగల్లో షార్టు సర్క్యూటు అయి వుంటుందని అప్పట్లో అనుకున్నారు. ఒక గదిలో లేచిన నిప్పు వరసగా పక్క గదులకు పాకింది. కాబట్టి మనం జాగ్రత్తగా వున్నామా లేదా అన్నదొక్కటే చాలదు. పక్కవాడి జాగ్రత్త కూడా మన అంగడిని కాపాడాలి. అది మన చేతిలో లేదు.

మరొక అపోహ కూడా తీర్చుకుందాం. "పంటల బీమా వుంది గదా" అంటారు కొందరు. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్ నుంచి వచ్చింది. అది చేనిలోని పంటకు. కోసి పొలంలోనే ఆరబెట్టిన పంటకైతే, కోత నాటినుంచి 14 రోజుల వరకు, తుఫాను, అకాలవర్షం, వడగండ్ల వంటి వాటికి వర్తిస్తుంది. ఆ ధాన్యమే బస్తాకెత్తి గోదాములోకి, అంగడిలోకి చేరితే పంటల బీమా దాని వెంట రాదు. అక్కడినుంచి అది సరుకు. సరుకుకు వేరే బీమా కావాలి.

ఆ వేరే బీమా ఏమిటో చూద్దాం. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాల కోసం ఒక మాదిరి పాలసీ వచ్చింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకే చోట వున్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలకు మించనివారికి ఇది. ప్రమాద బీమా చేసే కంపెనీలన్నీ దీన్ని ఇస్తాయి. ముఖ్యమైన షరతులు అన్నిచోట్లా ఒకటే కాబట్టి పోల్చి చూసుకోవడం సులువు. నిప్పు, పిడుగు, పేలుడు, గాలివాన, వరద, నీటి ముంపు, భూకంపం, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు, ఇవన్నీ ఈ ఒక్క పాలసీలో వస్తాయి. కట్టడానికి, యంత్రాలకు, బల్లలు బీరువాలకు, సరుకుకు తీసుకోవచ్చు. ప్రీమియం మాత్రం కంపెనీ కంపెనీకీ తేడా వుంటుంది. రెండు మూడు చోట్ల "వెయ్యికి ఎంత?" అని అడగండి. ఎరువుల బేరం అడిగినట్టే అడగండి, మొహమాటం లేదు.

ఇందులో రానివి కూడా తెలుసుకోవాలి. ఉత్త దొంగతనం రాదు. నిప్పో వరదో వచ్చిన గందరగోళంలో, ఏడు రోజుల లోపల పోయిన సరుకుకు మాత్రమే వస్తుంది. మామూలు దొంగతనానికి బర్గలరీ పాలసీ అని వేరే వుంది. దానిలో కూడా తాళం పగలగొట్టో, కన్నం వేసో లోపలికి వచ్చిన గుర్తు వుండాలి. బేరమాడుతూ ఎవరో చేతివాటం చూపిస్తే రాదు. చెదలు తిన్నది, ఎలుక కొట్టింది, తేమకు గడ్డకట్టింది ఏ పాలసీలోనూ రాదు. అది మన కాపలా. షార్టు సర్క్యూటు అయిన మోటారు దానంతట అది కాలితే ఆ మోటారుకు రాదు. దాని నుంచి మంట లేచి మిగతా సరుకు కాలితే సరుకుకు వస్తుంది. పిండిమర, నూనె గానుగ పెట్టినవారు ఈ తేడా గుర్తుంచుకొని, యంత్రం చెడిపోయినప్పుడు ఆదుకునే పాలసీ వేరుగా అడగాలి.

శ్రీశైలంలో గది బాడుగకు తీసుకున్నవారికి ముఖ్యంగా ఒక మాట. గది దేవస్థానానిది కావచ్చు, మరొక యజమానిది కావచ్చు. "కట్టడానికి వారు బీమా చేసే వుంటారు, మనకెందుకు?" అనుకోవద్దు. వారి బీమా వారి గోడలకు. లోపలున్న మీ బొమ్మలకు, మీ రాగి చెంబులకు, మీరు చేయించుకున్న అరలకు అది చెల్లదు. అట్లాగే మీరు గోడలకు ప్రీమియం కట్టవలసిన పనీ లేదు. మీరు పెట్టిన డబ్బు దేనిలో వున్నదో దానికే తీసుకోండి. ఇంకొకటి. శివరాత్రికి, కన్నడ భక్తులు వచ్చే ఉగాదికి, కార్తీకమాసానికి ముందు మీ అంగట్లో సరుకు నిండుగా వుంటుంది. మిగతా నెలల్లో సగం కూడా వుండదు. సగం వున్ననాటి విలువకు పాలసీ తీసుకుంటే నిండుగా వున్న రాత్రి మునిగిపోతారు. ఏడాదిలో ఏ నెల ఎక్కువ సరుకు వుంటుందో ఆ నెల విలువకు తీసుకోవాలి. నంద్యాలలో ఎరువుల అంగడివారికి ఆ నెల తొలకరి. అదే నెలలో ఏరు పొంగుతుంది కూడా.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మన రైతు సోదరుని పాలసీలో రాసిన బీమా మొత్తం 6 లక్షలు. ఎందుకు 6 లక్షలు? బ్యాంకు ఇచ్చిన అప్పు 6 లక్షలు కనుక. బ్యాంకు తన అప్పు వరకు చూసుకుంది. అది దాని ధర్మం. కానీ వరద వచ్చిన రాత్రి అంగట్లో వున్న సరుకు విలువ 15 లక్షలు. నష్టం 5 లక్షలు. "నా పాలసీ 6 లక్షలు, నా నష్టం 5 లక్షలు, అంతా వస్తుంది" అని ఆయన అనుకున్నాడు. మీరైనా అట్లాగే అనుకుంటారు.

కంపెనీ లెక్క వేరు. పదిహేను పాళ్ల సరుకు వుంచుకొని ఆరు పాళ్లకే ప్రీమియం కట్టావు. కాబట్టి ఏ నష్టం వచ్చినా పదిహేనింట ఆరు పాళ్లే నేను భరిస్తాను, మిగతా తొమ్మిది పాళ్లు నీవి, అంటుంది. 5 లక్షల నష్టంలో పదిహేనింట ఆరు పాళ్లంటే 2 లక్షలు. అందులోంచి, ప్రతి నష్టంలోనూ మొదట మనమే భరించాలని పాలసీలో రాసుకున్న కొద్ది మొత్తం ఒకటి వుంటుంది, దాన్ని తీసేస్తారు. ఆ కోతను ఎక్సెస్ అంటారు. మిగిలింది చేతికి. ఈ పాళ్ల లెక్కను యావరేజి నిబంధన అంటారు. దాదాపు ప్రతి ఆస్తి పాలసీలోనూ ఇది వుంటుంది.

ఇప్పుడు చెప్పిన సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో కొంత వెసులుబాటు వున్నది. లోటు 15 శాతం లోపల వుంటే కోత వేయరు. అంటే 15 లక్షల సరుకు వున్నవాడు 12 లక్షల 75 వేలకు తగ్గకుండా బీమా చేసి వుంటే పాళ్ల లెక్క రాదు. అంతకు దిగితే వస్తుంది. మన సోదరుడు 6 లక్షల దగ్గర వున్నాడు గనుక ఆ వెసులుబాటు వున్నా ఆయనకు ఉపయోగపడదు.

మరి 15 లక్షలకు తీసుకొని వుంటే ఏమయ్యేది? ప్రీమియం రెండున్నర రెట్లు అయ్యేది. మీలో పాలసీ వున్నవారు ఈ రాత్రే దాన్ని తీసి, మీరు కడుతున్న ప్రీమియం చూసి, దాన్ని రెండున్నర రెట్లు చేయండి. ఆ తేడా డబ్బును ఒక పక్కనా, ఎకరంన్నర మాగాణిని ఇంకొక పక్కనా పెట్టి చూడండి. నేను ఇంకేమీ చెప్పనక్కరలేదు.

కాబట్టి బ్యాంకు కట్టించిన పాలసీ వున్నవారు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, బీమా మొత్తం అప్పుకు సరిపోయేంతా, సరుకుకు సరిపోయేంతా? తక్కువగా వుంటే పెంచమని రాసి ఇవ్వండి. రెండు, పాలసీలో రాసిన చిరునామా ఏది? అంగడి ఒక వీధిలో, గోదాము ఇంకొక వీధిలో వుంటే రెండు చిరునామాలూ వుండాలి. సరుకు అటూ ఇటూ మారుతూ వుండేవారికి రెండు చోట్లకూ కలిపి ఒకే మొత్తం పెట్టే పద్ధతి వున్నది, దాన్ని అడగండి. మూడు, ప్రీమియం ఈ ఏడు కట్టారా? మన ఖాతాలోంచి ఏటా కట్ అవుతుందని అనుకుంటాం. ఖాతాలో డబ్బు లేక ఒక ఏడు తప్పిపోతే మనకు తెలియదు. ప్రీమియం అందనిదే బీమా మొదలు కాదు. ఇది చట్టం. చెక్కు తిరిగివచ్చినా అంతే.

పాలసీ రాయించేటప్పుడు నిజం చెప్పండి. పురుగుమందులు కూడా వుంచుతూ కిరాణా అని రాయించవద్దు. పత్తి బేళ్లు పేరుస్తూ ధాన్యం అని రాయించవద్దు. రేకుల కప్పుకు మిద్దె అని రాయించవద్దు. ప్రీమియంలో నాలుగు రూపాయలు తగ్గుతాయని ఏజెంటు చెప్పినా వద్దు. ప్రమాదం జరిగిన నాడు ఏజెంటు రాడు, కాగితం వస్తుంది. దరఖాస్తు ఖాళీగా వుండగా సంతకం పెట్టకండి. నింపిన తరువాత ఒక నకలు తీసుకోండి.

ఇక ఆళ్లగడ్డ సంగతి. అక్కడి శిల్పులు మలచిన విగ్రహాలు దేశమంతటా గుళ్లలో నిలబడి వున్నాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే రాయి కాలదు, తడిస్తే కరగదు. అందువల్ల "మాకు బీమా ఎందుకు?" అని వారు అడుగుతారు. వారి కంచె వేరే పక్క వేయాలి.

వారికి మొదటిది పనివాళ్ల సంగతి. రాయి ఎత్తేటప్పుడు గొలుసు తెగవచ్చు. కోత మిషను చక్రం పగిలి ముక్క కంటికి తగలవచ్చు. రాతిపొడి పీల్చి ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. పనిలో దెబ్బ తగిలితే, ఆ పని వల్లనే జబ్బు వస్తే, నష్టపరిహారం ఇచ్చే బాధ్యత పని ఇచ్చినవాడిది. 1923 నాటి చట్టంతో వచ్చిన ఈ బాధ్యత, 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో కూడా వున్నది. నలుగురు పనివాళ్లతో కొట్టం నడిపే శిల్పికి ఒక మరణానికి పరిహారం కట్టవలసి వస్తే కొట్టం అమ్మినా చాలదు. దీనికి పనివారి నష్టపరిహార పాలసీ వున్నది. పనివాళ్లు ఎంతమంది, వారికి ఏడాదికి ఇచ్చే కూలి ఎంత అన్నదాన్ని బట్టి ప్రీమియం వుంటుంది. ఇక్కడ కూడా తలలు తగ్గించి చెబితే నష్టం మనదే. ఆసుపత్రి ఖర్చు కూడా చేరిందా లేదా అడిగి చూసుకోండి. ముఖానికి గుడ్డ, కంటికి అద్దాలు, పొడి లేవకుండా నీళ్లు చల్లడం, ఇవి బీమా కన్నా ముందు రావాలి. పోయిన ఊపిరిని ఏ పాలసీ తెచ్చి ఇవ్వదు.

రెండోది దారి. ఆరు నెలలు చెక్కిన విగ్రహం లారీ ఎక్కి వందల మైళ్లు పోవాలి. దారిలో చెయ్యి విరిగితే ఆ విగ్రహం పూజకు పనికిరాదు. సరుకు రవాణాకు తీసుకునే పాలసీని మెరైన్ అంటారు. మనకు సముద్రం లేకపోయినా పేరు అదే, ఓడల కాలం నుంచి వచ్చింది. ఇందులో ఏ, బి, సి అని మూడు తరగతులు వున్నాయి. సి తరగతిలో నిప్పుకు, పిడుగుకు మాత్రమే. బి తరగతిలో వాటితో పాటు లారీ ఢీకొనడం, బోల్తాపడడం, వంతెన కూలడం కూడా చేరుతాయి. ఏ తరగతిలో, ఫలానాది తప్ప అని పాలసీలో రాసినవి మినహాయించి, అన్ని నష్టాలూ వస్తాయి. లారీ బోల్తా పడకుండానే, గుంతలో ఎగిరి విగ్రహం విరిగితే బి తరగతివాడికి రాదు. శిల్పికి తగినది ఏ తరగతి. అయినా గడ్డి చుట్టి, చెక్క చట్రం బిగించి సరిగా కట్టకపోతే, మూట కట్టడంలో లోపమని ఇవ్వరు. కట్టిన తరువాత నాలుగు పక్కలా ఫొటో తీసి పెట్టుకోండి. బేరం కుదిరినప్పుడే, లారీ ఎక్కేవరకు విగ్రహం ఎవరిది, ఎక్కిన తరువాత ఎవరిది అని కాగితం మీద రాసుకోండి. ఎవరిదైతే వారు బీమా చేయాలి.

ట్రాక్టరు వున్నవారికి రెండు మాటలు. బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా చట్టప్రకారం తప్పనిసరి, అది మీకు తెలుసు. తెలియనిది ఇది. సేద్యం పనికి అని రిజిస్టరు చేసి, పాలసీలోనూ అదే రాయించి, ట్రాలీకి బండలు, ఇసుక నింపి బాడుగకు తోలితే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీ అడ్డం తిరిగే వీలున్నది. ట్రాలీ నెంబరు కూడా పాలసీలో వుండాలి. ట్రాలీలో మనుషులను ఎక్కించుకొని పెళ్లికో, తిరుణాలకో పోతే వారికి పాలసీ చెల్లకపోవచ్చు. పరిహారం మీ పొలం మీదికి వస్తుంది. బాడుగకు తోలేవారు ఆ సంగతి చెప్పి, ఆ తరగతిలోనే రిజిస్ట్రేషను, బీమా చేయించుకోవడం మంచిది.

పాల వ్యాపారం చేసేవారికి గేదే అంగడి. జాతీయ పశుసంపద పథకం కింద పశువుల బీమాలో రైతు కట్టవలసిన వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. తక్కిన వాటా ప్రభుత్వాలది. చెవికి 12 అంకెల ట్యాగు వేస్తారు. ఆ ట్యాగే గేదెకు ఆధారం. ట్యాగు ఊడిపోతే అదే రోజు పశుసంవర్ధక సహాయకుడికి చెప్పి కొత్తది వేయించి, ఆ నెంబరు పాలసీలో మార్పించండి. ట్యాగు లేని గేదె చనిపోతే అది బీమా చేసిన గేదేనని మీరు చూపలేరు. చనిపోయిన పశువును డాక్టరు వచ్చి చూడక ముందే పూడ్చవద్దు.

ఇంక అంగడి నడిపే మనిషి సంగతి. అప్పు వున్నది, మనిషి లేడు అంటే ఇల్లాలి మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వరకు చేరవచ్చు. జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. దీనిలో 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. రెండూ బ్యాంకు ఖాతా నుంచే. ఇవి మొదటి మెట్టు మాత్రమే. అప్పు అంతకన్నా ఎక్కువ వున్నవారు, అప్పుకు సరిపోయే టర్మ్ పాలసీ తీసుకోవాలి. అప్పు కావాలంటే ఫలానా పొదుపు పాలసీ తీసుకోవలసిందేనని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమనండి. చాలాసార్లు ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు నష్టం జరిగిన నాడు ఏమి చేయాలో వరసగా చెబుతాను. మిగిలిన సరుకును ముందు కాపాడండి. బీమా వుంది గదా అని వదిలేస్తే ఆ నష్టాన్ని ఇవ్వరు. వెంటనే కంపెనీకి ఫోను చేసి, ఆ తరువాత రాతపూర్వకంగా తెలియజేయండి. నిప్పయితే అగ్నిమాపక కేంద్రం కాగితం, దొంగతనమయితే పోలీసు ఫిర్యాదు కావాలి. పాడైన సరుకును సర్వేయరు చూడకముందు పారవేయవద్దు. సర్వేయరు అంటే మన పొలం కొలిచే సర్వేయరు కాదు. నష్టాన్ని లెక్కకట్టడానికి లైసెన్సు పొందిన మనిషి. ఆయన అడిగేది కాగితాలే. కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, స్టాకు రిజిస్టరు, బ్యాంకు లెక్క. ఇవి అంగట్లోనే పెట్టుకుంటే సరుకుతో పాటు అవీ కాలిపోతాయి, తడిసిపోతాయి. వారానికి ఒకసారి రిజిస్టరు పుటలను ఫోనులో ఫొటో తీసి, ఇంకో ఊళ్లో వున్న కొడుక్కో కూతురికో పంపించండి. పైసా ఖర్చు లేని పని ఇది.

కంపెనీ ఇచ్చిన లెక్క సరిగా లేదనిపిస్తే, పూర్తి పరిష్కారం అని రాసిన కాగితం మీద తొందరపడి సంతకం చేయకండి. ముందు కంపెనీకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెంటికీ ఆ కార్యాలయమే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. సొంత పేరున అంగడి నడిపేవారి తగాదాలు, 50 లక్షల రూపాయల వరకు, అక్కడ తీసుకుంటారు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపల రాయాలి.

గ్రామ వ్యవసాయ సహాయకులకు, నా తోటి సిబ్బందికి ఒక మనవి. రైతు సేవా కేంద్రంలో తొలకరికి ముందు విత్తనాన్ని గురించి సభ పెడతాం గదా. ఆ సభలోనే పావుగంట దీనికి ఇవ్వండి. ఊళ్లో అంగడి, మర, డెయిరీ, ట్రాక్టరు వున్నవారిని పాలసీ కాగితాలు తెమ్మనండి. మూడే ప్రశ్నలు వేయండి. బీమా మొత్తం ఎంత? ఇప్పుడున్న సరుకు ఎంత? చిరునామా ఏది? ఏ కంపెనీ మంచిదని మాత్రం మనం చెప్పవద్దు. అది మన పని కాదు. లెక్క చూపడం మన పని.

నేను మొదట చెప్పిన రైతు సోదరుడు ఇప్పటికీ అంగడి నడుపుతున్నాడు. మిగిలిన మూడున్నర ఎకరాలు సాగు చేస్తున్నాడు. అడుగున దుంగలు పేర్చి, వాటి మీద బల్లలు వేసి, ఆ పైన బస్తాలు పెడుతున్నాడు. ప్రతి ఏడూ వైశాఖంలో కొడుకు సరుకు లెక్క రాసుకొని బ్యాంకుకు పోయి, పాలసీ మొత్తం సవరించుకొని వస్తున్నాడు. మొన్న కనపడి, "ఈ లెక్క ముందే ఎవురన్నా చెప్పింటే బాగుండు సారూ" అన్నాడు. "నేనూ అప్పుడు నేర్చుకోలేదు గదన్నా" అన్నాను. ఆయనకు చెప్పలేకపోయిన మాటను మీకు చెప్పాను. ఈ రాత్రి పాలసీ తీసి చూడండి. లేనివారు తెల్లవారి బ్యాంకుకో, బీమా ఆఫీసుకో పోయి అడగండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినా లాభం లేదు.